బంధువులందరూ నొక్కిన ప్రకటన

డిజిటల్ మార్కెటింగ్‌లో పనిచేసి రిటైరయ్యానంటే రాజమండ్రిలో ఇప్పటికీ చాలామంది నమ్మరు. ఆ పని చేసేవాళ్ళకు ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు, అప్పుడే రిటైరవడమేంటి అంటారు. మా వీధి కళ్ళ డాక్టరుగారు నేనేం పని చేసేవాణ్ణో అంతా ఓపిగ్గా విని, "అంటే కంప్యూటరు చూసీ చూసీ కళ్ళు పోగొట్టుకున్నారన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చి, అద్దాల పవరు పెంచారు.

ఆయన చెప్పింది తప్పేమీ కాదు. అయితే ఈ పనిలో కంప్యూటరు చూడటం సగమే. మిగతా సగం మనుషుల్ని చూడటం. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఆ రెండో సగం ఎవరూ చెప్పడం లేదని ఇది రాస్తున్నాను.

గ్రంథాలయం చలవ

నేను మొదట పెళ్ళిశుభలేఖలు కంపోజ్ చేసే చిన్న కొట్టు నడిపాను. వ్యాపారాలన్నీ వెబ్‌సైట్లు పెట్టుకోవడం మొదలయ్యాక నేనూ అటు మళ్ళాను. సైటుకు ఎవరు రావాలి, వాళ్ళను ఎలా రప్పించాలి, వచ్చాక వాళ్ళకు ఏం కనబడాలి అని ముందుగా ఆలోచించి పెట్టడం నా పని. ఇది నాకు ఏ కాలేజీ నేర్పలేదు. మా పేట శాఖా గ్రంథాలయం నేర్పింది. ఫ్యాను కింద కుర్చీ దొరకాలంటే తాళం తీసే వేళకే వెళ్ళాలి. వెళ్ళేవాణ్ణి.

ప్రకటనల గురించి అక్కడ ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. మొత్తం అంటే, ఉన్నంతవరకు. చివరి అధ్యాయాన్ని ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు. విషయసూచిక చూస్తే ఆ అధ్యాయం పేరు 'ఫలితాన్ని కొలవడం'. అందుచేత నేను చాలాకాలం ప్రకటనలు చక్కగా ఇచ్చేవాణ్ణి గానీ ఫలితాన్ని కొలిచేవాణ్ణి కాదు. క్లయింట్లు అడిగితే "వస్తుందండీ, కంగారు పడకండి" అనేవాణ్ణి.

అయినా చదవమనే చెబుతాను. మనస్తత్వం గురించి చదవండి, పాత వర్తకుల ప్రయాణాల గురించి చదవండి, వంటల పుస్తకాలు చదవండి. వంటల పుస్తకం చదవనివాడు వెబ్‌సైటుకు నోరూరించే ఒక్క వాక్యమైనా రాయలేడని నా నిశ్చితాభిప్రాయం.

దండ వేసిన ఫోటో

నా తొలి క్లయింటు నిడదవోలులో ఒక బట్టల వ్యాపారి. మంచి మనిషి. సైటు తెరవగానే ముందు వాళ్ళ నాన్నగారి ఫోటో కనబడాలన్నారు. కొట్టు పెట్టింది ఆయనే కదా అని నేనూ ఒప్పుకున్నాను. వాళ్ళిచ్చిన ఫోటోకు పూలదండ ఉంది. ఆ పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది.

సైటు మొదలైన వారంలోనే ఫోన్లు రావడం మొదలైంది. వ్యాపారిగారు పొంగిపోయారు. తీరా ఎత్తితే అన్నీ పరామర్శలే. "ఇంత సడన్‌గా ఎలా జరిగిందండీ?" అని ఒకరు, "కొట్టు మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?" అని ఒకరు. ఒకావిడైతే పెళ్ళిబట్టలు కొందామనుకున్నారట, మైల ఇంట్లో ఎందుకని వేరే కొట్టుకు వెళ్ళిపోయారు. ఫోటో తీసేద్దామండీ అన్నాను. ఆయన ససేమిరా అన్నారు. చివరికి దండ మాత్రం తీయడానికి ఒప్పుకున్నారు. దండ తీశాక పెద్దాయన కొట్టు నడుపుతున్నట్టే కనిపించారు, బేరాలూ మొదలయ్యాయి.

సైటు తెరిచినవాడు మొదట ఏం చూస్తాడో దాన్నే నమ్ముతాడు. కింద ఏం రాసి ఉందో చదివేవాడు నాలాంటి గ్రంథాలయం మనిషే.

మంగాయమ్మగారి కొట్టు

ఇక అసలు కథ. నాకు ఈ పని నిజంగా నేర్పిన కేసు ఇదొక్కటే.

నరసాపురం బజారులో మంగాయమ్మగారికి ఎండు చేపల కొట్టు ఉండేది. భర్త బోటు మీద సముద్రం వేటకు వెళ్ళేవారు. ఈవిడ పొట్టు వలిచిన రొయ్యపప్పు, వేలెడంత మెత్తళ్ళు, పొడుగాటి సావిడాయలు ఎండబెట్టి అమ్మేవారు. కొట్టు స్థలం పక్కనే పట్టుచీరల దుకాణం ఉన్న శెట్టిగారిది. ఇద్దరూ ఏళ్ళ తరబడి సఖ్యంగానే ఉన్నారు. ఒకరోజు ఒక పెళ్ళివారు శెట్టిగారి దగ్గర కొన్న పట్టుచీర వెనక్కి తెచ్చి, "చీర బాగుందండి గానీ సావిడాయల వాసనొస్తోంది" అన్నారు. దాంతో ఆయన ఓపిక అయిపోయింది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"అమ్మా, మిమ్మల్ని నేనెప్పుడైనా పొమ్మన్నానా? ఆ వాసనని పొమ్మంటున్నానంతే" అంటున్నారు శెట్టిగారు.

"వాసన నా సరుకుదండి శెట్టిగారూ. అది పోతే దానెనకాలే నేనూ పోవాలి కదండి?"

"అందుకే కదమ్మా దసరా దాకా ఉండమన్నాను."

ఆయన లోపలికి వెళ్ళాక ఆవిడ నాకు స్టూలు వేసి, విషయం చెప్పారు. దసరాకల్లా కొట్టు ఖాళీ చెయ్యాలి. బజారులో ఇంకెవ్వరూ ఎండు చేపలకు కొట్టు అద్దెకివ్వరు. సరుకంతా టోకు వ్యాపారికి పోస్తే ఆయన చెప్పిందే ధర. ఇంక మిగిలింది గంప.

"మా అత్తగారు గంప నెత్తినెట్టుకుని బస్సెక్కి పాలకొల్లు, భీమవరం ఊరూరా తిరిగిందండి. ఆఖరికి మెడ ఓ పక్కకి ఒరిగిపోయింది. ఈ కొట్టు పెట్టినరోజున, 'మంగా, ఇంక మనింట్లో ఎవరూ గంప ఎత్తకూడదే' అంది. వెబ్‌సైట్లో సరుకు పోతే ఇంటికాడే కట్టి పంపుకుంటాను. పోలేదా, దసరా మర్నాడు నేనూ బస్సెక్కాల్సిందే. అందరికీ చెప్పేశాను కూడా, ఎక్కినా ఎక్కుతానని."

నేను పుస్తకంలో చదివినట్టే మొదలుపెట్టాను.

"మీ దగ్గర ఎవరు కొంటారండీ?"

"తినేవాళ్ళు కొంటారండి."

"అది కాదమ్మా. ఎక్కడివాళ్ళు, ఏ వయసువాళ్ళు అని."

"చేపకి వయసుంటుంది గానీ, తినేవాడి వయసుతో మనకేం పనండీ?"

సరే, నాకు తోచినట్టు సైటు చేయించాను. 'స్వచ్ఛమైన, నాణ్యమైన, సంప్రదాయ పద్ధతిలో ఎండబెట్టిన' అని పైన రాశాను. పిల్లలూ, ఈ మూడు మాటలూ ప్రతి సైటులోనూ ఉంటాయి. కాబట్టి ఏ సైటులోనూ లేనట్టే లెక్క. అప్పటికి ఆ సంగతి నాకు తట్టలేదు.

పొద్దునే మాయమైన ప్రకటన

సైటు తయారయ్యాక సెర్చ్‌లో ప్రకటన పెట్టాం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎవరైనా మన ప్రకటన మీద నొక్కినప్పుడల్లా మన ఖాతాలోంచి ఆ సెర్చ్ కంపెనీవాళ్ళు కొంత కోసుకుంటారు. రోజుకు ఇంత అని మనం ఒక హద్దు పెడతాం. ఆ హద్దు నిండగానే ఆ రోజుకు ప్రకటన ఎవరికీ కనబడదు. మర్నాడు మళ్ళీ మొదలు.

మా ప్రకటన మీద జనం విరగబడి నొక్కారు. ఒక్కరూ కొనలేదు. చిత్రమేమిటంటే, రోజూ సూర్యుడు పూర్తిగా పైకి రాకముందే హద్దు నిండిపోయేది. హైదరాబాదులో జనం లేచి పళ్ళు తోముకునేసరికి మా ప్రకటన పడుకునేది. నొక్కులు ఎక్కడినుంచి వస్తున్నాయో చూశాను. అన్నీ నరసాపురం చుట్టుపక్కల, రేవుకు అటూ ఇటూ తీరం పొడుగునా.

నేను గ్రంథాలయంలో అపరాధ పరిశోధన బీరువా కూడా వదలకుండా చదివినవాణ్ణి. ఎండు చేపలు ఉన్న ఊళ్ళోనే కూర్చుని ఎండు చేపల ప్రకటన ఎవరు నొక్కుతారు? పోటీవాడే. మంగాయమ్మగారి కొట్టు పోతే లాభం ఎవరికి? ఆ టోకు వ్యాపారికే. మనుషుల్ని పెట్టి తెల్లవారుజామునే నొక్కిస్తున్నాడని తేల్చేశాను.

రుజువు కోసం తణుకు నుంచి వచ్చిన కొనుగోలుదారులా ఆయన గోదాముకు వెళ్ళాను. ఆయన ఒంటి మీద బనీనుతో కూర్చుని, రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతలివాడికి వినబడదేమోనని అరుస్తున్నారు.

"మీ దగ్గర కంప్యూటరు పని చూసేవాళ్ళు ఎవరున్నారండీ?" అని తెలివిగా అడిగాను.

"మా మనవరాలికి ఒకటుందండి. నొక్కితే పిల్లిలా అరుస్తది. మీకు రొయ్యపప్పు కావాలా, కంప్యూటరు కావాలా?"

రొయ్యపప్పే కొన్నాను. అంత పెద్ద పొట్లం కొనాలని అనుకోలేదు గానీ, పరిశోధకుడికి వేషం ముఖ్యం.

ఆ పొట్లంతో రైలెక్కాను. భీమవరం వచ్చేసరికి నా చుట్టూ సీట్లన్నీ ఖాళీ. ఒక్క మనిషి మాత్రం రెండు పెట్టెల అవతలి నుంచి వాసన పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"రొయ్యపప్పే కదండీ?" అన్నాడు, తప్పిపోయిన బంధువును చూసినట్టు.

హైదరాబాదులో ఉద్యోగం, ఫ్లాట్‌లో కాపురమట.

"మరి కొనుక్కెళ్ళలేదా?" అన్నాను.

"ఎలాగండీ? బ్యాగులో పెడితే బట్టలన్నీ వాసన. ఇంట్లో వండితే అంతకన్నా. పోయినసారి మా ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టగానే అపార్ట్‌మెంట్‌వాళ్ళు డ్రైనేజీ పైపు పగిలిందని ప్లంబర్ని పిలిపించేశారండి. ఆ ప్లంబరుదీ మా రాజోలే. వాసన పట్టి, మా ఇంటికొచ్చి, కూర్చుని అన్నం తిని వెళ్ళాడు. ఆయ్. అప్పట్నుంచీ మాకు ధైర్యం లేదు."

నా బుర్రలో దీపం వెలిగింది. ఇతనికి స్వచ్ఛతా అక్కర్లేదు, నాణ్యతా అక్కర్లేదు. రుచి పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇతనికి కావలసింది పక్కవాళ్ళకు తెలియకుండా తినగలిగే ధైర్యం. దాన్ని ఎవరూ అమ్మడం లేదు.

నొక్కేశానొదినా

ఆ సంగతి చెబుదామని మళ్ళీ నరసాపురం వెళ్ళి, తెల్లవారగానే మంగాయమ్మగారింటికి చేరాను. ఆవిడ వాకిట్లో రొయ్యలు ఆరబోస్తున్నారు. అరుగు మీద ఫోను ఊపిరి తీసుకోకుండా మోగుతోంది. అంతా కుటుంబం గ్రూపులో వచ్చే మాటలు. ఆవిడ ఒక్కొక్కటీ పైకి వినిపించారు.

"నొక్కేశానొదినా."

"పిన్నీ, నేనూ నొక్కాను, మా అత్తగారి ఫోన్లోంచి కూడా నొక్కాను."

"అక్కా, మా ఆయన వేటకెళ్ళారు. ఆయన పేరున కూడా ఒకటి నొక్కేశాను, రాసుకో."

నేను అరుగు దగ్గరికి జరిగాను. "ఏం నొక్కుతున్నారండీ వీళ్ళంతా?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "మన ప్రకటనండి! మా చినమావయ్యగారు గ్రూపులో పెట్టారు, 'మన మంగ కొట్టు ఫోన్లో పడింది, ఎవరూ వెనకాడకుండా రోజూ ఒక నొక్కు నొక్కాలి' అని. పెళ్ళిలో చదివింపులు ఎలాగో ఇదీ అలాగేనండి. అందరూ పడవలెక్కే ముందే నొక్కేసి, నొక్కినట్టు నాకు చెప్పి మరీ వెళ్తారు."

చినమావయ్యగారంటే ఆవిడ మామగారి తమ్ముడు, నరసింహులుగారు. రేవు అవతల అంతర్వేదిలో ఉంటారు. వేటకు వెళ్ళే కుటుంబాలు కోడి కూయకముందే లేస్తాయి. ప్రేమకొద్దీ నొక్కుతాయి. మా బడ్జెట్ అంతా ఆ ప్రేమకే అయిపోతోంది.

మెల్లగా చెప్పాను. ఆవిడ చేతిలో రొయ్యలు చేతిలోనే ఉండిపోయాయి. దసరాకు ఇంక ఎన్నో రోజులు లేవు.

"మరి నొక్కొద్దని చెప్పండి" అన్నాను.

"ఎలా చెప్తానండీ? పెళ్ళికొచ్చి చదివించినవాళ్ళ చేతిలో కవరు తిరిగి పెడతామా?"

నాకు ఒక తెలివైన ఉపాయం తోచింది. ప్రకటన ఏ ప్రాంతంలో కనబడకూడదో మనం చెప్పవచ్చు. ఎవరికీ చెప్పకుండా తీరం అంతటినీ తీసేశాను. ఎవరి మనసూ నొచ్చుకోదు, బడ్జెట్ మిగులుతుంది అనుకున్నాను. ఈ తీరంలో పిలుపు అందకపోవడమంటే ఏమిటో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పంటు దాటి వచ్చిన తగువు

రెండోనాడే నరసింహులుగారు భార్యతో సహా రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు, లోపలికి రాలేదు.

"ఏమ్మా మంగా, మా ఫోన్లో నువ్వు కనబడట్లేదు. మా ఊళ్ళో ఎవరికీ కనబడట్లేదు. మేమేం తప్పు చేశాం?"

"అయ్యో, లోపలికి రండి మావయ్యా."

"రాను. ఈయనెవరు?"

"ప్రకటనలు చూసే మనిషినండి" అన్నాను.

"అయితే మమ్మల్ని తీసేసింది మీరేనా?"

"ఆయ్" అన్నాను. భయంలో ఇంకేమీ రాలేదు.

మంగాయమ్మగారు ఇంక ఆపుకోలేకపోయారు. "మావయ్యా, మీరొక్కసారి నొక్కితే నా డబ్బు ఒకసారి పోతుంది. మీరంతా నొక్కితే అంతా పోతుంది. అదీ సంగతి."

ఆయన గుమ్మానికి చేరబడ్డారు. "నీ డబ్బా? మేం నొక్కితే ఆ కంపెనీవాళ్ళే నీకిస్తారనుకున్నామే! నేను రోజూ నాలుగు నొక్కుతున్నాను. ఈ ముక్క ముందే చెప్పొద్దూ?"

"ఎలా చెప్పమంటారు మావయ్యా, అంత ప్రేమగా నొక్కుతుంటే?"

"ప్రేమగా నొక్కి నిన్ను గంప దాకా తెచ్చాను కదే!" అని లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఆయన భార్య అప్పటికే వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద కూర మూత తీశారు. నేను వాసన లేకుండా వండటం గురించి అడిగాను. అంతే, మొగుడూ పెళ్ళాల మధ్య నిప్పంటుకుంది.

"వేడినీళ్ళలో కడిగి, బియ్యం కడిగిన నీళ్ళలో కాసేపు నానెయ్యాలండి. తలకాయలు తీసెయ్యాలి. తర్వాత వంకాయేసి మూత పెట్టి వండితే గుమ్మం దాటదు వాసన" అన్నారావిడ.

"సావిడాయలకి వంకాయేంటే? చింతపండు పులుసు పొయ్యాలి. పులుపుకే చస్తది వాసన" అన్నారాయన.

"పెళ్ళయినకాణ్ణించీ వంకాయేసిందే తింటున్నారు. ఇప్పుడు తెలిసిందా?"

"తెలుసు! పెద్దవాళ్ళు చేసిన పెళ్ళి కదా అని ఊరుకున్నాను."

నేను నా ఫోను తీసి మొత్తం వీడియో పట్టేశాను. సైటు మీద 'స్వచ్ఛమైన' మొదలైన మూడు మాటలూ చెరిపేసి, 'పక్క ఫ్లాట్‌వాళ్ళకు తెలియకుండా ఎండు చేపల కూర' అని రాసి, కింద వాళ్ళిద్దరి తగువు పెట్టాం. గాలి కూడా బయటికి పోకుండా ప్యాకెట్టు అతికించే యంత్రం మంగాయమ్మగారు తెప్పించారు. ప్రకటనను పెద్ద నగరాలకు మాత్రమే, అదీ జనం ఆఫీసుల నుంచి ఆకలితో ఇంటికి చేరే సాయంత్రం వేళకు మార్చాను.

బంధువుల సంగతి నరసింహులుగారే చూసుకున్నారు. నొక్కులు బంద్ అన్నారు. దానికి బదులు ప్రతి ఇల్లూ ఒక వంట వీడియో పంపాలి, నగరంలో ఉన్న తమవాళ్ళకు సైటు చూపించాలి. చదివింపుల మర్యాద దక్కింది, డబ్బు పోవడం ఆగింది.

నగరాల్లో జనం వంకాయ పక్షం, చింతపండు పక్షం అని రెండుగా చీలిపోయారు. తమ పక్షమే గెలుస్తుందని రుజువు చెయ్యాలంటే సరుకు కావాలి కదా. ఆర్డర్లు మొదలయ్యాయి. ఈసారి నేను నొక్కులు చూడలేదు, కట్టిన పార్సిళ్ళు చూశాను.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది. మీ ప్రకటన ఎంతమంది చూశారని గొప్పలు పోకండి, వాళ్ళెవరో కనుక్కోండి. పటం మీద కనిపించే చుక్క మనిషి కాదు. ఒకసారి ఆ ఊరు వెళ్ళి, పొద్దునే ఆ వాకిట్లో కూర్చోండి. క్లయింటు బంధువుల్ని ఎప్పుడూ తీసెయ్యకండి, పని చెప్పండి. పనిలేని ప్రేమ అన్నిటికన్నా ఖరీదైనది.

దసరా మర్నాడు

దసరాకు కొట్టు ఖాళీ చేశారు. శెట్టిగారు స్వయంగా నిలబడి కడిగించి, మంగాయమ్మగారికి బొట్టు పెట్టి చీర పెట్టి మరీ పంపారు.

మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. వసారా నిండా పార్సిళ్ళు. కొరియరు మనిషి ఒక పార్సిలు ముక్కు దగ్గర పెట్టుకుని అనుమానంగా చూస్తున్నాడు.

"అమ్మా, ఎండు చేపలని రాశారు. వాసనే లేదు. లోపల సరుకుందా? తర్వాత ఖాళీ పార్సిలని నా మీదకి రాకూడదు."

"అలాగా? ఉండు" అని ఆవిడ విడిగా ఉన్న ఒక ప్యాకెట్టు మూల కత్తిరించి అతని మొహం ముందు పెట్టారు. అతను రెండడుగులు వెనక్కి వేసి, తేరుకుని, "ఎంతండీ ఇది?" అని జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడే రోడ్డు మీద పాలకొల్లు బస్సు వచ్చి ఇంటి ముందు ఆగింది. దాని కండక్టరు ఆవిడకు మేనల్లుడి వరస. దసరా తర్వాత ఎక్కినా ఎక్కుతానని ఆవిడ అతనికీ చెప్పి ఉంచారు. తలుపులోంచి సగం బయటికి వంగి కేకేశాడు.

"అత్తా! ఎక్కుతున్నావా, లేదా? గంపకి వెనకాల చోటుంచాను!"

ఆవిడ తల కూడా తిప్పలేదు. పార్సిలు మీద టేపు అంటిస్తూనే అరిచారు.

"ఎక్కట్లేదురా! ఆ చోట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకో!"